కుడి చెవి గంటు

మా నాయనను చంపింది ఎవరో నాకు నాలుగేళ్ళ వయసులోనే తెలుసు. మా పెద్దనాయన ఓబన్న. ఇరవై రెండేళ్ళు ఆ మాట మీదే అన్నం తిన్నాను, బడికి పోయాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. పోయిన ఎండాకాలం, మే నెలలో, ఆరంటే ఆరు రోజుల్లో అది తప్పని తేలింది. తేల్చింది నేనే.

మొదటి రోజు సోమవారం. పొద్దున ఆరు గంటలకు తమ్ముడు రాజేంద్ర ఫోన్ చేశాడు. ముదిగుబ్బకు అవతల ఒక రైతు చేనిలో మంద కట్టి ఉన్నాడు వాడు. వేరుశనగ వేసేముందు ఎరువు కోసం చేలల్లో గొర్రెలను ఆపించుకోవడం మా వైపు ఏటా ఉండేదే.

"అక్కా, ముప్పై జీవాలు లేవు. కుక్కలకు మందు పెట్టి తోలుకపోయినారు," అన్నాడు. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. ఆ గొంతు కోసమే అమ్మ వాణ్ణి పెంచింది.

నాయన పోయేనాటికి వాడు అమ్మ కడుపులో ఉన్నాడు. నాయన పేరు రంగన్న. అన్నతో వేరుపడిన ఏడాదికి, యాభై జీవాలతో వంక దాటుతుండగా ఆయన్ను గొడ్డలితో నరికి మందను తోలుకపోయారు. పదో రోజు పోలీసులు ఓబన్న దొడ్డి వెతికితే మా గురుతున్న గొర్రెలు ఎనిమిది దొరికాయి. పంపకాల రోజు ఓబన్న పదిమందిలో తమ్ముణ్ణి "నిన్ను బతకనియ్యను" అన్నది ఊరంతా విన్నదే. ఆ రెండూ చాలాయి. గొడ్డలి దొరకలేదు, చూసినవాళ్ళు లేరు, అయినా యావజ్జీవం పడింది. పద్నాలుగేళ్ళు ఉండి వచ్చాడు.

గురుతు అంటే ఏమిటో ఇక్కడే చెప్పాలి. గొర్రెపిల్లకు రెండు నెలలు నిండగానే ఇంటి పెద్ద దాని చెవి కోస్తాడు. ఏ చెవి, ఎక్కడ, ఎన్ని గంట్లు అన్నది ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. మా తాత ఇంటి గురుతు ఎడమ చెవి కొన ఏటవాలు కోత. అన్నదమ్ములు వేరుపడితే పెద్దవాడికి ఆ గురుతే ఉండిపోతుంది, చిన్నవాడు దాని మీద ఇంకొకటి కలుపుకోవాలి. మా నాయన కుడి చెవికి ఒక గంటు కలిపాడు. అప్పటి నుంచి కుడి చెవికి గంటు ఉంటే రంగన్నవి, లేకుంటే ఓబన్నవి. సంతలోనైనా పంచాయతీలోనైనా మా వాళ్ళు మనిషి మాట తర్వాత వింటారు, ముందు గొర్రె చెవి చూస్తారు.

నేను మా ఊరి సచివాలయంలో పశుసంవర్ధక సహాయకురాలిని. సూదులు వేస్తాను, పుళ్ళు కడుగుతాను. ఊర్లో నా పేరు హేమావతి అని మర్చిపోయి చాన్నాళ్ళయింది, గొర్రెల డాక్టరమ్మ అంటారు.

గురువారం మధ్యాహ్నం ఎర్రప్ప మామ మా ఇంటికి వచ్చాడు. జీవాల వ్యాపారి. మా జీవాలను ఇరవై రెండేళ్ళుగా ఆయనే కొంటున్నాడు. నాయన పోయిన నెలలో అమ్మకు పురుడొస్తే బియ్యం మూట దింపింది ఆయనే, నా బడి సంచి కొన్నది ఆయనే. సొంత మామ కాదు గానీ మా ఇంట్లో ఆయన కుర్చీ ఆయనకుంది. అందులో కూర్చుని, మంచినీళ్ళు తాగి, మెల్లగా చెప్పాడు. హనుమంతరాయుని మందలో మన గురుతువి ఆరు జీవాలు తిరుగుతున్నాయి.

హనుమంతరాయుడు ఓబన్న కొడుకు. తండ్రి జైలుకు పోయినప్పుడు పదమూడేళ్ళవాడు. హంతకుని కొడుకని పిల్లనివ్వక ముప్పై దాటాకే పెళ్ళయింది. ఈమధ్యే ఒక లారీ తీసుకుని ఊరి జీవాలను తనే బెంగళూరు సంతకు తోలుతున్నాడు.

"అదే వంశము, అదే రక్తము," అన్నది అమ్మ. మా అమ్మ రామాంజినమ్మ గొంతు పైకి లేచేది కాదు, ఎప్పుడూ. "తండ్రి మీ నాయన్ను తిన్యాడు. కొడుకు నిన్ను తింటాడు రాజేంద్రా. చూస్తా కూసో."

రాజేంద్ర కూర్చోలేదు. స్టేషన్‌కు పోయి ఫిర్యాదు రాసిచ్చాడు. అది నా బలవంతం మీద. తిరిగొచ్చి వసారాలో బండరాయి మీద నీళ్ళు చిలకరించి కొడవలి నూరుతూ కూర్చున్నాడు.

"పోలీసోళ్ళకు రెండు దినాలు ఇస్తాండా అక్కా," అన్నాడు. "నాయనప్పుడు ఓబన్నను జైలుకు పంపిచ్చి ఏం సాధించినారు? తిని పండుకోని తిరిగొచ్చినాడు. ఈసారి జైలు లేదు."

వాడికి పెళ్ళి కుదిరి నెల. ఆ కొడవలి లేస్తే ఒకడు మట్టిలోకి, ఇంకొకడు జైలుకు పోతారు. నాకు రెండిళ్ళలో కలిపి మిగిలింది ఆ ఇద్దరు మగపిల్లలే. ఆ ముక్క ఆ రోజు నేను బయటికి అనలేదు. రెండిళ్ళు అని లెక్కేసుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

శుక్రవారం ఎస్సై నన్ను పిలిపించాడు. పశువుల డాక్టరు సెలవులో ఉన్నాడు, గొర్రెలు ఎవరివో చూసి రాసివ్వాలి. రెండు పక్కలా నాకు చుట్టరికం సార్, నేను రాస్తే చెల్లదు అన్నాను.

"ఈ మండలంలో ఎవరికి ఎవరు చుట్టం కాదో చెప్పమ్మా, వాళ్ళనే పిలుస్తా," అన్నాడాయన. "ఉన్నది ఉన్నట్టు రాయి. డాక్టరు వచ్చి మళ్ళీ చూస్తాడు."

కానిస్టేబుల్‌తో కలిసి హనుమంతరాయుని దొడ్డికి పోయాను. బుద్ధి తెలిశాక ఆ గడప తొక్కడం అదే మొదలు. కంచె తడిక తీస్తూ అతను నన్ను పై నుంచి కిందికి చూశాడు.

"రామ్మా డాక్టరమ్మా. మా జీవాలకు నాలుగేండ్లుగా ఈడ సూది లేదు, ఎవరూ రాలేదు. యాభై కిలోమీటర్లు పోయి ఏపిచ్చుకొస్తాండా. ఈ పొద్దు దొంగతనమంటే వచ్చినావు, సంతోషం."

 అతను అన్నది నిజం.

ఆరు గొర్రెలనూ విడిగా కట్టారు. మొదటి దాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని చెవులు చూశాను. ఎడమ చెవి కొన ఏటవాలు కోత, అంచు మీద వెంట్రుకలు మొలిచి మెత్తబడి ఉంది. పిల్లప్పటి కోత. కుడి చెవికి గంటు ఉంది. కానీ ఆ గంటు అంచు ఇంకా పచ్చి. చుట్టూ వాపు, పైన ఎండిన పసుపు, వేపనూనె వాసన. కడిగి చూశాను. నాలుగైదు రోజుల గాయం, అంతకు మించి లేదు. ఇంకో సంగతి, గంటు గుండ్రంగా ఉంది. అరచందమామలా. దాని నడిమధ్య నువ్వుగింజంత పలుకు తెగకుండా మిగిలింది. రెండో గొర్రెకూ అంతే. ఆరింటికీ అంతే. ఒకే పనిముట్టు, దాని అంచుకు ఒకచోట విరుగు.

దొడ్డిలో వేపచెట్టు కింద మంచం మీద ఒక ముసలాయన కదురుతో ఉన్ని వడుకుతున్నాడు. నేను వచ్చినప్పటి నుంచీ తల ఎత్తలేదు.

"ఈ పసుపు ఎవరు పెట్టినారు?" అన్నాను, ఎవరివైపూ చూడకుండా.

"నేనే," అన్నాడు పెద్దనాయన. "సోమారం పొద్దున చూస్తే చెవులు నెత్తురు కార్తాండాయి. ఈగలు ముసురుతాంటే పెట్టినా." కదురు తిప్పుతూనే ఇంకో మాట అన్నాడు. "అప్పుడూ నేనే పెట్టినా."

హనుమంతరాయుడు ఆదివారం రాత్రి లారీతో బెంగళూరు పోయాడట. దొడ్డి దగ్గర కళ్ళు సరిగా ఆనని ఈయన ఒక్కడే. మరి సోమవారమే పోలీసులకు చెప్పలేదేమని కానిస్టేబుల్ అడిగాడు.

"పోయినసారి చెప్పింటి సామీ," అన్నాడు ముసలాయన. "పద్నాలుగేండ్లు పడింది."

స్కూటర్ మీద ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఆ పసుపే. చిన్నప్పుడు అమ్మ నాయన సంగతి చెప్పినప్పుడల్లా ఒకే చోట ఆపేది. గంటు కనపడకుండా చెవులకు పసుపు పూసినాడమ్మా ఆ పాపిష్టోడు, అని. కోర్టులో కూడా అదే చెప్పింది. పద్యం మాదిరి నాకు నోటికొచ్చు. వేల గొర్రెల చెవులకు మందు రాసినదాన్ని, మానిపోయిన చెవికి ఎవరూ పసుపు పెట్టరన్నది ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. నాయన మా జీవాలకు గంటు పెట్టింది పంపకాల రోజున, ఆయన పోవడానికి ఏడాది ముందు. అవి పచ్చిగా ఎట్లుంటాయి?

ఇంటికి రాగానే అమ్మ పెట్టె తీశాను. నాయన కంబళి కింద తీర్పు కాగితాలు, వాటితో కుట్టిన పంచనామా నకలు ఉన్నాయి. అమ్మ వచ్చి గడపలో కూర్చుంది.

"మ్మా, మన గంటు ఎట్లుంటాది?"

"నీకు తెలీదా?" అని రెండు వేళ్ళు విప్పి చూపించింది. "మూలగా. గొర్రె గిట్ట చీలినట్ల. మీ నాయన కత్తితో రెండు పోట్లు వేసి తీస్తాండె."

నేను చదివాను. ఆ కాలపు రైటరెవరో గానీ కళ్ళతో చూసింది చూసినట్టు రాశాడు. "ఎనిమిది గొర్రెలకు కుడి చెవి అంచున అర్ధచంద్రాకారపు గంటు కలదు. గంటుపై పసుపు పూసియున్నది. తుడవగా నెత్తురు చెమ్మ అగుపించినది." రాసినవాడికి అందులో ఏముందో తెలియదు. వకీళ్ళకు గొర్రె తెలియదు. తెలిసిన మావాళ్ళెవరూ కాగితం చదవలేదు.

"పోలీసోళ్ళు ఏందో ఒగటి రాసుకుంటారు," అన్నది అమ్మ.

నేను కాగితం మడవలేదు. బయట రాజేంద్ర కొడవలి నూరే చప్పుడు కూడా ఆగింది. అమ్మ తనలో తాను అన్నట్టుగా అన్నది.

"ఏ చెవికి ఉండాదని చూసినా. ఎట్లుండాదని చూల్యా."

లేచి వంటింట్లోకి పోయి, కడిగి బోర్లించిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

రాజేంద్ర వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. రిపోర్టులో ఏం రాస్తావన్నాడు. చూసింది రాస్తానన్నాను. రేపు నాలుగు గంటల దాకా ఆగుతానని, ఆ తర్వాత ఎవరి మాటా విననని చెప్పాడు. నేను సరే అన్నాను. అప్పటికి నాకు గంటు ఎవరిది కాదో తెలుసు, ఎవరిదో తెలియదు.

అది తెలియడానికి మరో గంట పట్టింది. ఎర్రప్ప మామ రెండు కలింగర పుచ్చకాయలు తెచ్చి, ఒకటి కోయించి, కుర్చీలో కూర్చున్నాడు. ఏమైందో కనుక్కుందామని వచ్చాడు. మాట్లాడుతూనే సంచి విప్పి తమలపాకు తీసి తొడ మీద తుడిచాడు. ఆకు అంచున చిన్న మచ్చ ఉంది. అడకత్తెరతో ఆ మచ్చను కట్ మని తీసేశాడు. వక్క కొట్టుకునే ఆ ఇత్తడి అడకత్తెరను నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, చిన్నప్పుడు దానితో ఆడుకున్నాను. ఆకు నా కళ్ళ ముందే ఉంది. అంచున అరచందమామ. నడిమధ్య నువ్వుగింజంత పలుకు.

నా చేతిలో కలింగర ముక్క ఉంది. దాన్ని పూర్తిగా తిన్నాను, గింజలు ఊశాను.

"మామా, జీవాలను మొదట చూసింది నువ్వే గదా," అన్నాను. "రేపు నాలుగు గంటలకు స్టేషన్ కాడికి రా. సాక్షి సంతకం పెట్టాల."

"దాందేముందమ్మా, పెడ్తా," అన్నాడు. "పోయినసారీ నేనే పెట్టినా."

ఆ మాటకు వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

శనివారం నాలుగు గంటలకు స్టేషన్ ఆవరణలో కానుగ చెట్టు కింద ఆరు గొర్రెలనూ కట్టారు. ఒక పక్క అమ్మ, రాజేంద్ర, వాడి నలుగురు స్నేహితులు. ఇంకో పక్క హనుమంతరాయుడు, ఒక బండమీద ముసలాయన. రాజేంద్ర భుజాన కంబళి మడత ఉంది. మే నెల ఎండలో కంబళి ఎందుకో ఎస్సైకి తెలియకపోవచ్చు, నాకు తెలుసు. నడిమధ్య ఎర్రప్ప, తెల్లచొక్కాలో, అందరినీ పలకరిస్తూ.

నేను నా రిపోర్టును గొర్రెకు ఒక మాట చొప్పున చదివాను. ఎడమ చెవి కోత పాతది, కుడి చెవి గంటు కొత్తది. నాలుగు పండ్లు వచ్చాయి, అంటే వయసు రెండేళ్ళు; గాయం వయసు వారం లోపు. ఇవి రాజేంద్ర జీవాలు కావు. హనుమంతరాయుని జీవాలకే ఎవరో మా గురుతు పెట్టారు.

"అక్కా," అన్నాడు రాజేంద్ర. చెయ్యి కంబళి మీదికి పోయింది.

"ఇంగా అయిపోల్యా. నిలబడు," అన్నాను. తర్వాత ఎర్రప్ప వైపు తిరిగాను. "మామా, నోరు ఎండుతాంది. ఒక వక్క కొట్టియ్యి."

నవ్వి సంచి విప్పాడు. వక్క కొట్టి ఇచ్చాడు. అడకత్తెర ఇటివ్వమని అడిగి తీసుకున్నాను. సూదిమందు వచ్చిన అట్టపెట్టె నా సంచిలో ఉంది. దాని మూతను అడకత్తెరలో పెట్టి ఒక్క నొక్కు నొక్కాను. ఆ అట్టను తెచ్చి మొదటి గొర్రె చెవి పక్కన పెట్టాను. రెండో దాని పక్కన పెట్టాను. ఆరూ అయ్యేసరికి ఎస్సై లేచి వచ్చి నా భుజం మీదుగా చూస్తున్నాడు. పంచనామా నకలు ఆయన చేతికిచ్చి, గీత గీసిన చోట చదవమన్నాను. ఆయన పైకే చదివాడు. అర్ధచంద్రాకారపు గంటు అన్న చోట హనుమంతరాయుడు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

ఎర్రప్ప గట్టివాడు. అడకత్తెరలు లోకంలో వెయ్యున్నాయన్నాడు. ఎస్సై అడకత్తెరను వెలుతురుకు ఎత్తి, విరిగిన అంచు చూసి, ఇట్లా విరిగినవి ఎన్నున్నాయో స్టేషన్ లోపల కూర్చుని లెక్కబెడదాం రా అన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో పక్కకు వచ్చారు. అప్పుడు ఎర్రప్ప మా అమ్మ వైపు తిరిగాడు. బెదిరింపుగా కాదు, నిజంగానే నొచ్చుకున్నవాడిలా అడిగాడు.

"ఇన్నేండ్లు నీకేం తక్కువ చేసినా రామాంజినమ్మా?"

అమ్మ రాజేంద్ర భుజం మీది కంబళి తీసుకుని, లోపలున్న దానితో సహా చంకలో పెట్టుకుంది.

తర్వాతివన్నీ వరసగా జరిగాయి. మా ముప్పై జీవాలూ గుత్తి దగ్గర ఒక తోటలో దొరికాయి, రెండు మాత్రం అప్పటికే కోతకు పోయాయి. హనుమంతరాయుని లారీ వచ్చాక తన వ్యాపారం సగం పడిపోయిందట ఎర్రప్పకు. ఒకే దెబ్బకు హనుమంతరాయుడు జైల్లో ఉంటాడు, మా తమ్ముని కోపం కూడా పనికొస్తుంది. పాత పద్ధతి ఒకసారి పారింది గదా, రెండోసారి ఎందుకు పారదు అనుకున్నాడు. అప్పుడు మా నాయన మందను ఎక్కించుకపోయిన లారీ డ్రైవరు ఇంకా బతికే ఉన్నాడు. రెండు వారాలకు నోరు విప్పాడు. వంక దగ్గర మా నాయన అడ్డం పడ్డాడని, గొడ్డలి ఎర్రప్పదేనని చెప్పాడు. పాత కేసు తిరగదోడమని అర్జీ పెట్టాం. కింద రెండిళ్ళ వాళ్ళమూ సంతకాలు చేశాం. పోయిన ఏళ్ళు అర్జీతో రావని నాకు తెలుసు. కానీ ఆ కాగితం మీద నా సంతకం పక్కన హనుమంతరాయుని సంతకం చూసి, ఇద్దరివీ ఒకే ఇంటిపేరు గదా అని మొదటిసారి గమనించాను.

జూన్‌లో తొలి వాన పడి, అందరూ వేరుశనగ విత్తనాలు ఒలుచుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున అమ్మ రాజేంద్రను లేపింది. ఈ ఏటి పిల్లలను తోలమన్నది. ముప్పై నాలుగు పిల్లలు, రెండు నెలలు నిండినవి, ఇంకా చెవులు కోయనివి.  ముందు తను నడిచింది. వెనక పిల్లలు, వాటి వెనక వాడు, నేను.

హనుమంతరాయుడు తడిక తీసి పక్కకు నిలబడ్డాడు. పెద్దనాయన మంచం మీదే ఉన్నాడు, చేతిలో కదురు. అరుపులు విని తల ఎత్తాడు.

"ఎవరూ?"

"నేను బావా," అన్నది అమ్మ.

ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ పిలుపు. ముసలాయన కదురు పక్కన పెట్టాడు. క్షమించమని అమ్మ అడగలేదు. అడిగే మాట అది కాదని ఇద్దరికీ తెలుసు. కొంగు ముడి విప్పి నాయన కత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. కళ్ళు ఆనకపోయినా చేతులు దాన్ని గుర్తుపట్టాయి. పిడి మీద బొటనవేలు రెండుసార్లు నడిచింది.

రాజేంద్ర మొదటి పిల్లను ఎత్తి ఆయన మోకాళ్ళ మధ్య పెట్టి గట్టిగా పట్టుకున్నాడు. పెద్దనాయన ఎడమ చెవి కొన వేళ్ళతో తడిమి, ఏటవాలుగా ఒక్క కోత కోశాడు. తర్వాత అలవాటు ప్రకారం మా ఇంటి గంటు కోసం కుడి చెవిని వెతికాడు.

"ఆ చెవి జోలికి పోవద్దు బావా," అన్నది అమ్మ.

ఆయన చెయ్యి కాసేపు ఆ చెవి మీదే ఉంది. కదలలేదు.

"పసుపు తేరా రాయుడూ," అన్నాడు కొడుకుతో. "ముప్పై నాలుగుండాయి."